నాన్నగారి చేతిలో రిమోట్ తప్ప ఇంకేం లేకపోతే ఎలా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే సంగతి మీద ఉన్నాయి, ఇంట్లో పెద్దవాళ్లు ఊరికే కూర్చుని కూర్చుని బుర్ర మొద్దుబారిపోతోందేమో అని. అందుకే మిగతావన్నీ వచ్చే నెలకి వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నా. ఎవరి పేర్లూ వేయట్లేదు, ఫ్రీగా చదువుకోండి.

ప్రశ్న: అక్కా, మా నాన్నకి 71. ఆఫీసులో అకౌంట్స్ చూసి రిటైరయ్యారు. పోయినేడాది అమ్మ పోయాక మా దగ్గరికే తెచ్చేసుకున్నాం, ఏ లోటూ రానివ్వట్లేదు, ఒక్క పని కూడా ముట్టుకోనివ్వం. కానీ పొద్దున లేస్తే టీవీ, మధ్యలో కునుకు, మళ్లీ టీవీ. సుడోకు పుస్తకం కొనిచ్చా, గళ్లనుడికట్టు ఇచ్చా, ఆఖరికి పెద్దవాళ్ల కోసం వచ్చే రంగులేసే పుస్తకం కూడా తెచ్చా. రెండ్రోజులు చూసి మంచం కిందకి తోసేశారు. ఆయన్ని బిజీగా ఉంచడానికి ఇంకేం చెయ్యొచ్చు?

జవాబు: అమ్మా, "ఒక్క పని కూడా ముట్టుకోనివ్వం" అని మీరు ప్రేమగానే రాశారు, నేను మాత్రం ఆ లైన్ దగ్గరే ఆగిపోయా. లెక్కలో చిన్న తేడా వస్తే అది దొరికేదాకా నిద్రపోని మనిషికి మీరు రంగు పెన్సిళ్లు ఇచ్చారు, ఆయన మంచం కిందకి తోసేశారు, నేనైనా అదే చేసేదాన్ని.

ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అని ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగం ఒకటుంది, 1976లో పేపర్ వచ్చింది. ఒక అంతస్తులో వాళ్లకి ఏం చెప్పారంటే, మీ గది మీ ఇష్టమొచ్చినట్టు సర్దుకోండి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి, ఇదిగో ఈ మొక్కల్లో నచ్చింది తీసుకుని మీరే నీళ్లు పోసుకోండి అని. ఇంకో అంతస్తులో వాళ్లకీ మొక్క ఇచ్చారు, సినిమా వేశారు, కాకపోతే రోజు నర్సులే డిసైడ్ చేశారు, నీళ్లు కూడా నర్సులే పోశారు. మూడు వారాల్లోనే మొదటి అంతస్తు వాళ్లు చురుగ్గా, హుషారుగా కనిపించారు, పక్కవాళ్లతో కలవడం పెరిగింది. చిన్న ప్రయోగమే, దాని మీద తర్వాత చర్చలు కూడా జరిగాయి, కానీ నాకు నచ్చేది ఏంటంటే మొక్క రెండు చోట్లా ఉంది, నీళ్లు ఎవరు పోస్తున్నారన్నదే తేడా.

కాబట్టి మీ ఇంటి లెక్కలు ఆయనకి అప్పగించేయండి. ఉత్తుత్తి లెక్కలు కాదు, అసలువి. కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, ఇన్సూరెన్స్ ఎప్పుడు కట్టాలి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏ డబ్బు ఎక్కడికి పోయింది, ఒక పుస్తకంలో ఆయన పద్ధతిలో రాసుకోమనండి, నెలాఖరున మీరిద్దరూ ఆయన ముందు కూర్చుని వినండి, ఈ నెల ఇంత ఎందుకైంది అని ఆయన అడిగితే సమాధానం చెప్పండి. మీరు పది నిమిషాల్లో చేసేది ఆయనకి గంట పడుతుంది, పట్టనివ్వండి, ఆ గంటే కదా మనకి కావాల్సింది. ఆయన రాసింది ఆయన కళ్లముందే మళ్లీ చెక్ చేసారో, ఇక అయిపోయినట్టే, పుస్తకం మంచం కిందకే వెళ్తుంది. (ఓటీపీలు, పాస్‌వర్డులు ఫోన్లో ఎవరడిగినా చెప్పొద్దని మాత్రం మొదటిరోజే మాట్లాడుకోండి, ఇది ఆయన వయసు గురించి కాదు, నాకూ మీకూ కూడా అదే రూల్.)

ఇచ్చింది నిజం పనేనా కాదా అని తెలుసుకోడానికి నేనొక గుర్తు పెట్టుకున్నా, ఆయన ఒకరోజు చెయ్యకపోతే ఇంట్లో ఎవరో ఒకరు "అది అవ్వలేదేంటి?" అని అడగాలి. ఎవరూ అడగరంటే మీరు ఆయన్ని పిల్లాడిలా ఆడిస్తున్నారని ఆయనకి అర్థమైపోతుంది. పెద్దవాళ్లు ఆ విషయం మనకంటే త్వరగా పసిగట్టేస్తారు.

ఇంకోటి, తెలిసిన పనితో పాటు అస్సలు తెలియనిది కూడా ఒకటి ఉండాలి. డెనిస్ పార్క్ అనే ఆవిడ టీమ్ 60 నుంచి 90 ఏళ్ల వాళ్లతో చేసిన స్టడీలో కొంతమందికి డిజిటల్ ఫొటోగ్రఫీ, కొంతమందికి గుడ్డ ముక్కలు కలిపి దుప్పట్లు కుట్టడం, కొంతమందికి రెండూ నేర్పారు, వారానికి 15 గంటల చొప్పున మూడు నెలలు. ఇంకో గుంపు సరదాగా కలిసి కబుర్లు చెప్పుకుంది, ఇంకోటి ఇంట్లోనే తేలికైన ఆటలు, పజిల్స్ చేసింది. జ్ఞాపకశక్తి బాగా మెరుగైంది కష్టపడి కొత్తది నేర్చుకున్న వాళ్లకే. వారానికి 15 గంటలంటే మామూలు కాదు, పార్ట్‌టైం ఉద్యోగమంత. అంటే నేర్చుకునేది కాస్త చెమట పట్టించాలి, వచ్చిందే మళ్లీ మళ్లీ చేస్తుంటే టైం గడుస్తుంది అంతే. సుడోకు చెడ్డదని కాదు, ఇష్టమున్నవాళ్లు చేసుకోవచ్చు, మీ నాన్నకి ఇష్టం లేదని ఆయన ఆల్రెడీ చెప్పేశారు కదా.

టీవీ గురించి గొడవ పడకండి. ఆపేస్తే ఆ ఖాళీ ఇంకా పెద్దదవుతుంది. పని వస్తే అదే తగ్గుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. అమ్మగారు పోయి ఏడాది. పగలంతా కునుకు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఇది డిప్రెషన్ కూడా అయ్యుండొచ్చు, పెద్దవాళ్లలో అది చాలాసార్లు ఏడుపులా కనపడదు, విసుగులా, మతిమరుపులా, ఒంటినొప్పుల్లా కనపడుతుంది, మనం వయసు అనుకుని వదిలేస్తాం. తిండి, నిద్ర కూడా మారితే డాక్టర్‌కి చూపించండి. అది వైద్యంతో తగ్గేదే. మీరు ఆయన దగ్గర అమ్మ ప్రస్తావన తేకుండా జాగ్రత్తపడుతుంటే అది కూడా మానేయండి.

ప్రశ్న: మేడమ్, మెదడుకి వ్యాయామం అని ఫోన్లో ఒక యాప్ ఉంది, రోజుకి పావుగంట ఆడితే మతిమరుపు రాదని యాడ్‌లో చెప్తున్నారు. అమ్మానాన్నలిద్దరికీ ఏడాది సబ్‌స్క్రిప్షన్ తీసుకోమంటారా?

జవాబు: యాడ్ నమ్మి అయితే వద్దు. ఇలాంటి మాటలే చెప్పినందుకు లూమోసిటీ అనే పేరున్న యాప్ కంపెనీ 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి 20 లక్షల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది, మతిమరుపు తగ్గిస్తుంది అని చెప్పడానికి సరైన ఆధారం లేదన్నది ఆరోపణ.

అలాగని బ్రెయిన్ ట్రైనింగ్ మొత్తం బోగస్ అని కూడా అనను. యాక్టివ్ అనే పెద్ద ట్రయల్‌లో 65 దాటిన 2,832 మందిని తీసుకుని కొందరికి జ్ఞాపకశక్తి, కొందరికి తర్కం, కొందరికి వేగంగా గమనించడం ట్రైనింగ్ ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. పదేళ్ల తర్వాత చూస్తే తర్కం, వేగం నేర్చుకున్నవాళ్లు వాటిల్లో ఇంకా మెరుగ్గానే ఉన్నారు, జ్ఞాపకశక్తి గ్రూపుకి మాత్రం ఆ లాభం అప్పటికి కరిగిపోయింది. వేగం ట్రైనింగ్ తీసుకున్నవాళ్లలో డిమెన్షియా, అంటే ముదిరే మతిమరుపు జబ్బు, తక్కువగా కనిపించిందని 2017లో ఇంకో పేపర్ వచ్చింది, దాని మీద వాదనలు నడిచాయి. అది పద్ధతి ప్రకారం మనుషులు దగ్గరుండి నడిపిన ట్రైనింగ్, యాడ్‌లో చూపించే ప్రతి రంగురంగుల ఆటకీ ఆ రిజల్ట్ అంటగట్టలేం. ఆట ఆడితే ఆ ఆట బాగా వస్తుంది, అంతవరకు గ్యారంటీ. వాళ్లిద్దరికీ సరదా అయితే ఫ్రీగా దొరికేవి ఆడుకోమనండి, ఇద్దరూ ఒకరితో ఒకరు పోటీపడి వాదించుకుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: మా అత్తయ్యకి 74. ఒకప్పుడు ఇల్లంతా ఆవిడ మాటలే. ఇప్పుడు అందరం కూర్చుంటే ఊరికే నవ్వుతూ ఉంటుంది, అడిగింది ఒకటైతే ఇంకోటి చెప్తుంది. ఫోన్ వస్తే నా చేతికి ఇచ్చేస్తుంది. మతిమరుపు మొదలైందని మా ఆయన, ఆడపడుచు కూడా ఫిక్సయిపోయారు. నాకెందుకో అలా అనిపించట్లేదు, నేనొక్కదాన్ని ఉన్నప్పుడు వంటింట్లో బానే మాట్లాడుతుంది.

జవాబు: మీకు అనిపించిందే కరెక్ట్ అయ్యుండొచ్చు. ముందు చెవులు టెస్ట్ చేయించండి, ఈ వారమే.

మీరు రాసినవన్నీ చూడండి, గుంపులో కలవలేకపోవడం, ఫోన్ తప్పించుకోవడం, ఎదురుగా ఒక్కరే ఉంటే బాగా మాట్లాడటం. వయసుతో వచ్చే చెవుడులో సౌండ్ మొత్తం ఒకేసారి తగ్గిపోదు, ముందు సన్నటి శబ్దాలు పోతాయి, స, శ, ఫ లాంటివి. మనిషి మాట్లాడుతున్నట్టు వినపడుతుంది, ఏం మాట్లాడారో అర్థం కాదు. మళ్లీ మళ్లీ "ఆ?" అనడం నామోషీ, అందుకని నవ్వేసి ఊరుకుంటారు, లేదా అందిన రెండు ముక్కలతో ఊహించి జవాబు చెప్తారు, అది తప్పుతుంది, అదిగో మతిపోయింది అని మనం ముద్ర వేసేస్తాం. ఎదురుగా ఉన్నప్పుడు మీ పెదాలు చూసి అందుకుంటోంది, ఫోన్లో పెదాలు కనపడవు.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకంటున్నానంటే, లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకి మనం మార్చుకోగలిగిన కారణాలు 14 అని లిస్ట్ ఇచ్చింది, బీపీ, షుగర్, పొగతాగడం, ఒంటరితనం వీటితో పాటు వినికిడి తగ్గడం అందులో ఉంది, చూపు తగ్గినా పట్టించుకోకపోవడం కొత్తగా చేర్చారు. వీటన్నిటినీ జీవితమంతా చూసుకుంటే సుమారు 45 శాతం కేసులు ఆపడమో ఆలస్యం చెయ్యడమో కుదురుతుందని వాళ్ల అంచనా. వినికిడి మిషన్ మీద 2023లో అచీవ్ అనే ట్రయల్ వచ్చింది, 70 నుంచి 84 ఏళ్ల 977 మంది, మూడేళ్లు. మొత్తం అందర్నీ కలిపి చూస్తే పెద్ద తేడా రాలేదు, కానీ ముందునుంచే రిస్క్ ఎక్కువున్న వాళ్లలో మాత్రం మెదడు పనితీరు పడిపోయే వేగం 48 శాతం తగ్గింది. రెండు ముక్కలూ కలిపే చెప్పాలి, మిషన్ అమ్మేవాళ్లు రెండోదే చెప్తారు.

ముందు గులిమి ఉందేమో చూస్తారు, ఒక్కోసారి అది తీస్తేనే సగం సమస్య పోతుంది. మిషన్ అవసరమైతే మొదటి రోజే పెళ్లిసందడిలో పెట్టి కూర్చోబెట్టకండి. ఇన్నాళ్లూ వినపడని ఫ్యాన్ చప్పుడు, గిన్నెల మోత అన్నీ ఒకేసారి మీద పడతాయి, చిరాకొచ్చి తీసి సొరుగులో పడేస్తారు, ఎన్ని ఇళ్లల్లో ఎన్ని మిషన్లు సొరుగుల్లో ఉన్నాయో! నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మీరొక్కరే, రోజుకి కాసేపు మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి, అలవాటవ్వడానికి వారాలు పడుతుంది. మిషన్ ఉన్నా లేకపోయినా మీరు చెయ్యగలిగింది ఒకటుంది, వెనకనుంచి అరవకుండా ముందుకొచ్చి, మొహం వెలుతురులో ఉండేలా నిలబడి మాట్లాడటం. అరిస్తే మాట ఇంకా చెదురుతుంది. చెప్పింది అందకపోతే అదే వాక్యం మళ్లీ చెప్పకుండా వేరే మాటల్లో చెప్పండి. పనిలో పనిగా కళ్లు కూడా చూపించండి, శుక్లాలు ఉంటే పేపర్ చదవడం ఎప్పుడో మానేసి ఉంటుంది, మీకు చెప్పి ఉండదు.

చెవులు, కళ్లు బాగానే ఉన్నాయని తేలితే అప్పుడు థైరాయిడ్, బి12 విటమిన్ టెస్టులు చేయించి, వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కి చూపించండి. జలుబుకని, నిద్రకని వేసుకునే కొన్ని బిళ్లలు కూడా పెద్దవాళ్లని మబ్బుగా చేస్తాయి.

మీ ఆయనకి, ఆడపడుచుకి ఇది చదివి వినిపించండి, అత్తయ్య ఎదురుగా కాదు.

ప్రశ్న: అమ్మా, నాకు 76 ఏళ్లు. వీడియో కాల్ చెయ్యడం, ఫొటోలు పంపడం నేర్పమంటే మా అబ్బాయి ఫోన్ నా చేతిలోంచి లాక్కుని టకటకా చేసి ఇచ్చేస్తాడు. రెండోసారి అడిగితే మొన్నే కదా చెప్పాను అంటాడు. ఈ వయసులో నిజంగా బుర్రకెక్కుతుందా, ఊరికే ఆశపడుతున్నానా?

జవాబు: ఎక్కుతుంది బాబాయ్ గారూ. వయసుతో తగ్గేది వేగం, రెండు మూడు పనులు ఒకేసారి చేసే ఓపిక, పేర్లు టక్కున గుర్తుకురావడం. నేర్చుకోవడం ఆగిపోదు, టైం ఎక్కువ పడుతుంది. మాటల సంపద, లోకజ్ఞానం అయితే మీ అబ్బాయి కంటే మీకే ఎక్కువుంటుంది.

ఇలా చేసి చూడండి. ఒకసారికి ఒక్కటే, వీడియో కాల్ అంటే వీడియో కాల్ మాత్రమే. ఫోన్ మీ చేతిలోనే ఉండాలి, వాడి చేతులు వెనక్కి పెట్టుకోమనండి, నోటితో చెప్పమనండి, మీ వేలే నొక్కాలి. అయ్యాక మీ సొంత మాటల్లో కాగితం మీద రాసుకోండి, వాడి కంప్యూటర్ భాష అక్కర్లేదు, "ఆకుపచ్చ బొమ్మ నొక్కు, కోడలి ఫొటో నొక్కు, పైన కెమెరా బొమ్మ నొక్కు" అంతే. మర్నాడు కాగితం చూడకుండా ప్రయత్నించండి, ఎక్కడ ఆగిపోతే అక్కడే చూడండి. తర్వాత రెండ్రోజులు వదిలేసి మళ్లీ చెయ్యండి, తర్వాత వారం. కొంచెం మర్చిపోయి, తంటాలు పడి గుర్తుతెచ్చుకుంటే అది గట్టిగా నిలుస్తుంది, రోజూ చూసి చూసి చేస్తే నిలవదు. కాబట్టి మర్చిపోయారని మీ మీద మీరు కోప్పడకండి, అది నేర్చుకోవడంలో భాగమే. తప్పు నొక్కితే ఫోన్ పాడైపోదు, వెనక్కి వచ్చే బాణం గుర్తు ఎక్కడుందో అది అన్నిటికంటే ముందు నేర్చుకోండి, భయం సగం పోతుంది.

అడగలేదు కానీ చెప్తున్నా, నడక మానకండి. 2011లో వచ్చిన ఒక స్టడీలో 120 మంది పెద్దవాళ్లలో సగం మందిని వారానికి మూడ్రోజులు, 40 నిమిషాలు నడిపించారు, ఏడాదికి జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం వాళ్లలో సుమారు 2 శాతం పెరిగింది, ఊరికే ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవాళ్లలో తగ్గింది. గుండె, మోకాళ్ల ఇబ్బందులుంటే డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.

మీ అబ్బాయికి ఈ పేజీ ఫొటో తీసి మీరే పంపండి.

ప్రశ్న: తాతయ్య చెప్పిన కథే చెప్తున్నాడు, కాలేజీలో ఎవరితోనో గొడవపడింది, నాకు బట్టీ వచ్చేసింది. చెప్పావులే అంటే అలుగుతాడు. ఏం చెయ్యాలి?

జవాబు: రికార్డింగ్ ఆన్ చేసి ఫోన్ మధ్యలో పెట్టు. కథ ఎలాగూ నీకు తెలుసు కాబట్టి దాని పక్కన ఉన్నవి అడుగు, ఆ గొడవ తర్వాత ఇంటికెళ్తే వాళ్లమ్మ ఏమంది, ఆ గొడవపడినాయన తర్వాత ఏమయ్యాడు, ఇప్పుడైతే అలాగే చేస్తావా అని. అరిగిపోయిన దారిలోంచి పక్కకి దిగితే బుర్రకి పని పడుతుంది, నీకూ కొత్త సంగతులు దొరుకుతాయి. పెద్దవయసులో గడిచిన జీవితాన్ని తిరగేసుకోవడం సహజమని, అవసరమని కూడా రాబర్ట్ బట్లర్ అనే సైకియాట్రిస్ట్ 1963లోనే రాశాడు, అంతకుముందు దాన్ని చాదస్తం కింద కొట్టిపారేసేవాళ్లు. ఒకటి గమనించుకో, పాత కథ మళ్లీ చెప్పడం వేరు, పది నిమిషాల క్రితం అడిగిన ప్రశ్నే మళ్లీ అడగడం వేరు. రెండోది తరచూ జరుగుతుంటే ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అమ్మకి అల్జీమర్స్ అని డాక్టర్లు చెప్పారు, ఇంకా తొలి దశే అన్నారు. మెదడుకి పని పెట్టాలని రోజూ పొద్దున్నే ప్రాక్టీస్ చేయిస్తున్నాం, ఇవాళ ఏ వారం, నేనెవరు, మనవడి పేరేంటి అని. మొన్న ఏడ్చేసింది. ఆపేస్తే ఇంకా త్వరగా పోతుందేమో అని భయం.

జవాబు: ఆపేయండి, ఇవాళే. దానివల్ల జబ్బు ఆగదు, అమ్మకి మాత్రం రోజూ పొద్దున్నే పరీక్ష ఫెయిలైనట్టు ఉంటుంది.

కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అని ఒక పద్ధతి ఉంది, బ్రిటన్‌లో ఎయిమీ స్పెక్టర్, ఆవిడతో పనిచేసినవాళ్లు తయారుచేశారు, 2003లో 201 మందితో ట్రయల్ చేశారు, వారానికి రెండుసార్లు, ఏడు వారాలు, చిన్న గుంపులో కూర్చోబెట్టి. మెదడు పనితీరు, రోజులు గడిచే తీరు రెండూ కొంచెం మెరుగయ్యాయి. అందులో ముఖ్యమైన సూత్రం మీకు ఇంట్లోనే పనికొస్తుంది, గుర్తుందా అని అడగొద్దు, ఏమనుకుంటున్నావ్ అని అడగాలి. ఆల్బమ్ తీసి "ఇదెవరో చెప్పు" అనే బదులు "ఈ ఫొటోలో పిన్ని చీర బాగుందా, నీది బాగుందా?" అనండి. అభిప్రాయానికి తప్పు జవాబు ఉండదు. వారం, పేరు మీరే మాటల్లో కలిపేయండి, "అమ్మా, నేను నీ చిన్నదాన్ని వచ్చా, ఇవాళ ఆదివారం, నీ మనవడికి సెలవు" అని, అడక్కుండానే అందేస్తాయి.

చేతి పనులు ఉండనివ్వండి, ఉతికిన బట్టలు మడతపెట్టడం, మొక్కలకి నీళ్లు, కూరగాయలు ఏరడం, వయసులో ఉన్నప్పుడు చేత్తో అలవాటైనవి జ్ఞాపకం కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. మడత వంకరగా ఉంటే ఉండనీ, మళ్లీ విప్పి సరిచెయ్యొద్దు. ఏ చీర కట్టుకుంటావ్ అని బీరువా మొత్తం చూపించకుండా రెండు తీసి చూపించి ఎంచుకోమనండి. చాలామందికి సాయంత్రాలు గందరగోళం ఎక్కువవుతుంది, అందుకని ఇలాంటివన్నీ అమ్మ తేటగా ఉండే టైంలో పెట్టుకుని, పొద్దుగూకక ముందే లైట్లు వేసెయ్యండి, ఇంట్లో చప్పుడు తగ్గించండి.

ఒక్క జాగ్రత్త. అల్జీమర్స్ నెమ్మదిగా నెలల్లో, ఏళ్లలో పెరుగుతుంది. అమ్మ ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి మారిపోతే, మనుషుల్ని అస్సలు పోల్చలేకపోవడం, లేనివి కనపడుతున్నాయనడం, పగలంతా మత్తుగా ఉండటం, జబ్బు ముదిరిందిలే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, రోజుల తరబడి మలబద్ధకం ఇలాంటివి ఏవో ఉంటాయి, చాలావరకు తగ్గించగలిగినవే. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసి వెంట పట్టుకెళ్లండి, నిన్నటిదాకా ఎలా ఉండేదో కూడా వాళ్లకి చెప్పండి, లేదంటే వాళ్లు ఎప్పుడూ ఇంతే అనుకుంటారు.